టముకు వినపడని ఇంటికి తుపాను కబురు చెప్పేదెవరు?

అవనిగడ్డ: దివిసీమ పల్లెలకు తుపాను కబురు ఎప్పుడూ చెవి గుండానే వస్తున్నది. వెనుకటి రోజుల్లో తలారి వీధివీధి తిరిగి టముకు వేసేవాడు. తర్వాత రిక్షాకు మైకు కట్టారు, ఆపైన జీపుకు కట్టారు, ఇప్పుడు ఆటోకు కడుతున్నారు. గుడి మైకు, చర్చి మైకు, రేడియో, టీవీ, సెల్ ఫోను అంటూ సాధనాలు మారాయిగాని దారి మారలేదు. వినగలిగినవాడికే కబురు.

అయితే ప్రతి ఊళ్ళోనూ ఈ కబురు అందని గడపలు ఒకటో రెండో ఉంటాయి. పుట్టు చెవుడుతో మాట రాని కుర్రవాడు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దాయన, గొంతు కాన్సరుకు ఆపరేషను చేసి స్వరపేటిక తీసేసిన రైతు, చెప్పింది అర్థం చేసుకోవటానికి కాస్త సమయం పట్టే అమ్మాయి, డెబ్బై దాటి చెవులు మందగించిన మామ్మ. వీరికి ఊరి సంగతులు అక్కరలేక కాదు. ఊరు మాట్లాడే పద్ధతి వీరికి అందటం లేదు. రేషను బియ్యం ఇస్తున్నారన్న కబురు ఆలస్యంగా తెలిస్తే మర్నాడు తెచ్చుకోవచ్చు. పెళ్ళి కబురు తెలియకపోతే అలిగి ఊరుకోవచ్చు. ఉప్పెన మాత్రం మర్నాటిదాకా ఆగదు.

ఈ సంగతి దివిసీమ వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న, శనివారంనాడు వచ్చిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేలమంది చనిపోయారు. తాటిచెట్టు మొదలు మునిగేటంత ఎత్తున లేచిన సముద్రం పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళ పేర్లు చెబితే ఇప్పటికీ పెద్దలు కాసేపు మాట్లాడరు. అప్పట్లో చెవులు బాగున్నవారికే కబురు సరిగా అందలేదు. రేడియోలో చెప్పినా అది ఎంత పెద్ద గండమో ఊహకు రాలేదు. ఇక వినపడనివారి సంగతి అడిగేదెవరు? ఆ లెక్క ఎవరూ తీయలేదు.

ఆ దెబ్బతో తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. హెచ్చరిక ముందుగా అందటం, జనాన్ని ముందుగా కదిలించటం అలవాటయింది. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను బలంలో 1977 నాటిదానికి పెద్దగా తీసిపోయేది కాదు. కాని లక్షలమందిని ముందే తరలించటంవల్ల ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. గాలి అదే, సముద్రం అదే. కబురు అందటంలోనే తేడా వచ్చింది. ఆ తేడా వినపడని ఇంటికి కూడా చేరాలన్నదే ఇప్పటి ప్రశ్న.

రేవులో కట్టిన సంకేతం

విచిత్రమేమంటే, మన తీరంలో అన్నిటికన్నా పాత తుపాను హెచ్చరిక చెవికి సంబంధించినది కానే కాదు. మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని పత్రికల్లో చదువుతూనే ఉంటాము. ఈ సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. పగటిపూట కర్ర మీద శంకువు, డ్రమ్ము ఆకారాలు కడతారు. రాత్రిపూట ఎరుపు, తెలుపు దీపాలు పెడతారు. సముద్రం మీద ఉన్న ఓడవాడికి కేక వినపడదు కనుక కంటికి కనపడేటట్టు చెప్పాలని నాటి దొరలు ఏర్పాటు చేసినది ఇది. 8, 9, 10 నంబర్లు మహా ప్రమాదానికి గుర్తు. 11వ నంబరుకు అర్థం మరీ చిత్రమైనది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయినవి, ముప్పు ఉన్నదని ఇక్కడి అధికారి భావిస్తున్నాడు అని దాని తాత్పర్యం.

వినపడని మనిషి ఇంట్లో తుపాను రోజున ఎగరవలసినది ఆ 11వ నంబరే. బయటి లోకంతో సంబంధం తెగిపోయింది, ముప్పు ఉన్నదని మాత్రం అమ్మ ముఖం చూస్తే తెలుస్తోంది.

ఓడవాడి కోసం చేసిన ఏర్పాటు ఊళ్ళోవాడి కోసం చేయటం కష్టమేమీ కాదు. వాతావరణ శాఖ ఇప్పుడు హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతున్నది. ఆ రంగు గుడ్డనే సచివాలయం మీద, బడి మీద, రామమందిరం ముందు స్తంభం మీద కడితే పొలం నుంచి వచ్చేవాడికి అల్లంత దూరానే కనపడుతుంది. దానికి కావలసినవి నాలుగు గుడ్డముక్కలు, ఒక వెదురు కర్ర.

పెదవులు చూసి తెలుసుకోలేరా?

గట్టిగా అరిస్తే వినపడుతుందనీ, నోటి కదలిక చూస్తే తెలిసిపోతుందనీ చాలామంది అనుకుంటారు. అద్దం ముందు నిలబడి చప్పుడు చేయకుండా బడి, మడి, పడి అని మూడు మాటలూ పలికి చూస్తే నిజం బయటపడుతుంది. పెదవులకు ఆ మూడూ ఒకటే. ప, బ, మ అక్షరాలకు పెదవుల కదలికలో తేడా లేదు. క, గ వంటివి గొంతు దగ్గర పుడతాయి కనుక అసలు కనపడవు. బడికి వెళ్ళమన్నారో మడికి వెళ్ళమన్నారో చూసి చెప్పటం ఎవరి తరం? తుపాను రోజున బడికి వెళితే బతుకుతాడు, మడికి వెళితే పోతాడు.

రాసి చూపిస్తే సరిపోతుందన్నది రెండో అపోహ. పుట్టు చెవిటి పిల్లలకు తెలుగు ఉగ్గుపాలతో వచ్చే భాష కాదు. వినకుండా ఆ భాష నేర్చుకోవటం మనం చప్పుడు లేని సినిమా చూసి చైనా భాష నేర్చుకోవటంవంటిది. కష్టపడి అక్షరాలు నేర్చినా, "తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలసినదిగా ఇందుమూలముగా హెచ్చరించడమైనది" అని కరపత్రం అచ్చువేస్తే వారికి ఏమి బోధపడుతుంది? ఆ మాటకొస్తే చెవులున్న రైతుకు మాత్రం ఏమి బోధపడుతుంది? "ఈ రాత్రి నీళ్ళు వస్తాయి. సాయంత్రం 4 గంటలకు బడికి రండి. బియ్యం కార్డు తెచ్చుకోండి" అని మూడు ముక్కల్లో పెద్ద అక్షరాలతో రాసి, పక్కన అల బొమ్మ, గడియారం బొమ్మ, బడి బొమ్మ వేస్తే చదువు రానివారికి, ముసలివారికి, బుద్ధిమాంద్యం ఉన్నవారికి కూడా పనికివస్తుంది.

అసలు వారికి సొంత భాష ఉన్నది. సైగల భాషకు తనదైన వ్యాకరణం ఉన్నది, పదాలున్నాయి. కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో 2015లో నెలకొల్పిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3 వేల పదాలతో తొలి నిఘంటువు తెచ్చింది. 2021 నాటికి అది 10 వేల పదాలకు పెరిగింది. అంతకు చాలా ముందే, 1987లో, దూరదర్శన్ వారానికి ఒకసారి సైగలతో వార్తలు మొదలుపెట్టింది. బాపట్లలో వినికిడి లేని పిల్లలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, జూనియర్ కళాశాల నడుస్తున్నాయి. ఇటువంటి చోట చదివిన పిల్లలు తమలో తాము గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటారు, జోకులు వేసుకుంటారు, దెబ్బలాడుకుంటారు. సెలవులకు ఊరు వస్తే మాత్రం మాట్లాడేవారే ఉండరు. ఊళ్ళో ఆ భాష ఎవరికీ రాదు.

అమ్మే దుబాసీ

ఇలాంటి పిల్లలు పదిమందిలో తొమ్మిదిమంది చెవులు బాగున్న తల్లిదండ్రులకు పుట్టినవారే. మేనరికపు పెళ్ళిళ్ళవల్ల పుట్టు చెవుడు ఎక్కువవుతున్నదని డాక్టర్లు చెబుతున్నారు, అది వేరే కథ. బిడ్డకు వినపడదని తెలిసే సరికే రెండు మూడేళ్ళు గడుస్తాయి. ఈలోగా తల్లి తనకు తోచిన సైగలు కల్పించుకుంటుంది. మీసం దువ్వితే నాన్న, నుదుటిన వేలు పెడితే అమ్మ, పిడికిలితో పితికినట్టు చూపితే పాలు, తల మీద రెండు చేతులు కొమ్ముల్లా పెడితే గేదె. తిండికి, పనికి ఇవి చాలుతాయి. "రేపు రాత్రి తుపాను వస్తుందట, ఇవాళే వెళ్ళిపోదాం" అని చెప్పటానికి చాలవు. ఇల్లు వదిలి ఎందుకు పోవాలో తెలియని కుర్రవాడు గడప పట్టుకుని కూర్చుంటాడు. చూసేవారు మొండివాడంటారు.

ఊళ్ళో ఎవరికి ఏ కబురు చెప్పవలసినా ఆ తల్లితోనే చెబుతారు. "అక్కా, మీవాడికి నువ్వే చెప్పు, నీ మాటయితేనే వాడికి తెలుస్తుంది" అని పక్కింటి పిన్ని అంటుంది. బాంకులో సంతకం దగ్గర, ఆసుపత్రిలో డాక్టరు దగ్గర, పింఛను దగ్గర అమ్మే దుబాసీ. పాతికేళ్ళవాడు తన కడుపునొప్పి సంగతి అమ్మ నోటితో చెప్పించుకోవలసిందే. ఆమెకు డెబ్బై ఏళ్ళు వస్తాయి. ఆమెకూ వినికిడి తగ్గుతుంది. ఒకనాడు ఆమె ఉండదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో తుపాను కబురు ఎవరు చెబుతారన్నది ఊళ్ళో ఎవరూ ఆలోచించని విషయం.

చాలా ఊళ్ళలో ఇతన్ని పేరు పెట్టి పిలిచేవారే లేరు. మూగోడు అనో చెవిటోడు అనో అంటారు. ఎటూ వినపడదు కదా అని సమాధానం. పేరు వినపడకపోయినా పేరంటూ ఉన్నదని తెలియటం ఎంత అవసరమో గీత ఉదంతం చెబుతున్నది. చిన్నతనంలో దారితప్పి పాకిస్తాన్ చేరిన ఆ మాటరాని అమ్మాయిని కరాచీలో ఈధీ సంస్థవారు పెంచి, ఆ పేరు పెట్టి, 2015 అక్టోబరు 26న మన దేశానికి పంపారు. ఆమెకు ఇంటి దగ్గర రైల్వే స్టేషను గుర్తుంది, నది గుర్తుంది. ఊరి పేరు మాత్రం తెలియదు. ఎవరూ ఆమెకు రాసి నేర్పలేదు. ఆమె చెప్పే ఆనవాళ్ళు పట్టుకుని 2020 డిసెంబరులో గోదావరి ఒడ్డున ఉన్న బాసరకు కూడా తీసుకువచ్చి వెతికారు. చివరకు 2021లో మహారాష్ట్రలోని పర్భణి జిల్లాలో తల్లి జాడ తెలిసింది. ఒక్క ఊరి పేరు రాయటం వచ్చి ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు. రేపు వరదలో చేయి విడిపోయిన పిల్లవాడికీ ఇదే గతి పట్టవచ్చు. అతని మెడలోనో మొలతాడుకో పేరు, ఊరు, ఒక ఫోను నంబరు రాసిన బిళ్ళ ఉంటే దొరికినవారు ఇల్లు చేర్చగలుగుతారు.

ఉన్నట్టుండి మాట పడిపోతే

పుట్టుకతో వచ్చినదే ఇబ్బంది అనుకోరాదు. నిన్నటిదాకా రచ్చబండ మీద రాజకీయాలు మాట్లాడిన పెద్దాయనకు తెల్లవారేసరికి పక్షవాతం వస్తుంది. మెదడు ఎడమపక్క దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలుతోపాటు మాట కూడా పడిపోవటం కద్దు. రాసే చెయ్యే పోయింది కనుక రాసి చూపటానికీ వీలుండదు. అయితే ఇలాంటివారిలో చాలామందికి ఎదుటివారి మాట చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది. తాము చెప్పవలసిన మాటే దొరకదు. మంచినీళ్ళు అనబోతే మరో మాట వస్తుంది, లేదా ఉన్న ఒక్క మాటే పదేపదే వస్తుంది. ఆ సంగతి తెలియక ఇంటిల్లిపాదీ ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకుంటారు. పొలం అమ్మే సంగతి కూడా! ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే జబ్బువల్ల అంటారు.

వీరి విషయంలో వైద్యులు చెప్పే పద్ధతి ఖర్చులేనిది. ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, టీవీ కట్టెయ్యాలి. అవును, కాదు అని తలతో చెప్పగల ప్రశ్నలే అడగాలి. అడిగాక ఆగాలి. తొందరపెట్టి మాట అందించకూడదు. ఒక అట్టముక్క మీద మంచినీళ్ళ గ్లాసు, అన్నం పళ్ళెం, మరుగుదొడ్డి, దుప్పటి, ఫాను, మందుబిళ్ళ, నొప్పి ఉన్న ముఖం బొమ్మలు గీసి మంచం పక్కన పెడితే ఎడమచేతి వేలితో చూపిస్తారు. బడిలో చదివే మనుమడు అరగంటలో గీయగలడు. షెల్టరుకు తీసుకువెళ్ళేటప్పుడు బియ్యం మూటతోపాటు ఆ అట్ట కూడా తీసుకువెళ్ళాలి. తీరా షెల్టరులో ఆయనకు ఏం కావాలో పరాయివారికి తెలిసేది దానివల్లనే.

కరెంటు పోయిన రాత్రి

విజయవాడ వాసులకు 2024 సెప్టెంబరు 1, ఆదివారం ఇంకా కళ్ళముందే ఉన్నది. బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ప్రాంతాలను ముంచేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. మేడల మీద చిక్కుకున్నవారు పడవలు కనపడగానే కేకలు వేసి పిలిచారు. పడవలవారూ కేకలు వేసుకుంటూనే తిరిగారు. పిలుపు వినపడనివాడు, పిలవటానికి గొంతు లేనివాడు తలుపు వేసి ఉన్న ఇంట్లో ఉంటే ఉన్నట్టు తెలిసేదెలా?

చీకటి పడితే ఇబ్బంది రెట్టింపవుతుంది. సైగల భాషకు వెలుతురు కావాలి. కరెంటు పోయిన ఇంట్లో చెవులున్నవారు చీకట్లోనైనా ఒకరినొకరు పిలుచుకోగలరు. బధిరులు ఆ క్షణం నుంచి ఒంటరివారైపోతారు. ఇప్పుడు చాలామంది కుర్రవాళ్ళు సెల్ ఫోనులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ సైగలతో మాట్లాడుకుంటున్నారు. చార్జింగు అయిపోతే అదీ లేదు. 2023లో దేశంలో పలుచోట్ల సెల్ ఫోన్లకు పెద్ద మోతతో, వణుకుతో ప్రభుత్వం ప్రయోగాత్మకంగా అత్యవసర సందేశాలు పంపింది. జేబులో ఫోను వణికితే వినపడనివారికీ తెలుస్తుంది, మంచిదే. కాని నిద్రలో ఫోను తలగడ కింద ఉండాలి, అందులో చార్జింగు ఉండాలి, వచ్చిన తెలుగు చదవటం రావాలి.

అందువల్ల వినపడనివారి ఇంట్లో తుపాను రోజుల్లో బియ్యం, అగ్గిపెట్టెలతోపాటు ఒక టార్చిలైటు తప్పనిసరి. వారిని పిలవటానికి అదే, వారు పిలవటానికి అదే. ఒక ఈల కూడా ఇవ్వాలి. ఈల వేసినవాడికి అది వినపడనక్కరలేదు, పడవవాడికి వినపడితే చాలు. నిద్రపోతున్నవారిని వెనుకనుంచి పట్టి లాగితే బెదిరిపోతారు. ముఖం మీద కాకుండా గోడ మీద లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించాలి, లేదా భుజం మీద మెల్లగా తట్టి ముందుకు వచ్చి కనపడాలి.

షెల్టరుకు చేరాక కూడా కథ అయిపోదు. అన్నం వడ్డిస్తున్నామని, డాక్టరు వచ్చాడని, సాయం డబ్బుకు పేర్లు రాస్తున్నామని అన్నీ మైకులోనే చెబుతారు. వినపడనివాడు పదిమంది లేవటం చూసి లేస్తాడు. వరసలో చివర నిలబడతాడు. గోడకు నల్లబల్ల ఒకటి పెట్టి ఆ సంగతులే రాస్తే బడి కనుక సుద్దముక్కకు కొదవ ఉండదు.

చట్టంలో ఉన్నది

ఇది దయతో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షను ప్రకారం ప్రతి జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాల జాబితా ఉంచాలి, ప్రమాదం వచ్చినప్పుడు వారికి తెలియజేయటానికి తగిన చర్యలు తీసుకోవాలి. జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ 2019లో ఈ విషయమై ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా వెలువరించింది. ఆ చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో వినికిడి లోపంతోపాటు మాట, భాషా వైకల్యం కూడా ఉన్నది. పక్షవాతంవల్ల మాట పోయినవారు, స్వరపేటిక తీసేసినవారు అందులోకే వస్తారు. ఈ సంగతి తెలియక, కాలూ చెయ్యీ బాగున్నాయి కదా మాకేమి వర్తిస్తుందని సర్టిఫికెట్టుకు వెళ్ళనివారు ఉన్నారు.

కోర్టులోనూ వీరి మాటకు విలువ ఉన్నది. నోటితో చెప్పలేని సాక్షి రాసిగాని సైగలతోగాని చెప్పవచ్చు, దుబాసీని పెట్టి, వీడియో తీయాలి అని 2013 సవరణ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం 125వ సెక్షనులోనూ అదే ఉన్నది. సైగలతో ఇచ్చిన సాక్ష్యం నోటిమాటతో సమానం. కోర్టులో చెల్లే సైగ రెవెన్యూ ఆఫీసు మెట్ల మీద చెల్లకపోవటం వింతే.

జాబితా అన్నది ఇప్పుడు కొత్తగా తయారుచేయవలసిన పని కూడా కాదు. వికలాంగుల పింఛను నెలనెలా గ్రామ సచివాలయ సిబ్బంది ఇంటికి వెళ్ళి ఇస్తున్నారు. అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో, ఏ లోపం ఉన్నదో కాగితం మీద ఉన్నట్టే. పింఛను పట్టుకుని తలుపు తట్టగలిగినవారు తుపాను కబురు పట్టుకుని తట్టలేరా? కావలసినదల్లా ఆ పేరు పక్కన మరో పేరు రాసుకోవటం. ఈ ఇంటికి హెచ్చరిక రోజున ఎవరు వెళ్ళాలి, ఆయన ఊళ్ళో లేకపోతే ఎవరు వెళ్ళాలి అని. పక్కింటి బాబాయి కావచ్చు, ఎదురింటి కాలేజీ కుర్రవాడు కావచ్చు. వెళ్ళేవారికి పది సైగలు వస్తే చాలు. నీళ్ళు, గాలి, ఇప్పుడు, రాత్రి, రా, బడి, అన్నం, మందు, నొప్పి, భయంలేదు. ఆ పది కూడా ఆ ఇంటి సైగలే అయితే మరీ మంచిది. వాటిని నేర్పటానికి ఆ తల్లి ఇంకా ఉన్నది.

వరి కోతలకు ముందు, అక్టోబరు, నవంబరు నెలల్లోనే మన తీరానికి తుపాను భయం ఎక్కువ. ఈలోగా గ్రామసభ జరిగినప్పుడు తమ ఊరి జాబితా ఏ రిజిస్టరులో ఉన్నదో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో చదివి వినిపించవలసిందిగా గ్రామస్థులు అడగవచ్చు. వినిపించటంతోపాటు సచివాలయం గోడకు అంటించమనాలి. ఆ సభకు ఆ నాలుగిళ్ళవారినీ పిలుచుకువచ్చి, మాట్లాడేవారి ముఖం, చేతులు కనపడేటట్టు ముందు వరసలో కూర్చోబెట్టాలి.